లోపలిదా, బయటిదా

కిందటి వారం ఫ్లోరెన్స్ టీచర్‌ని అరకు స్టేషన్ రోడ్డులో, వరహాలరావు కంప్యూటర్ల కొట్లో, స్టూలు మీద కూర్చోబెట్టి సగంలో వదిలేశాం. ఆవిడ ఒళ్ళో పాత లాప్‌టాప్. పక్క స్టూలు మీద భర్త నతానియేల్ మేస్టారు, మెడ చుట్టూ తెల్ల గుడ్డ, చేతిలో రూళ్ళ నోటుపుస్తకం. బల్లకి అవతల వరహాలరావు స్క్రూడ్రైవర్ పట్టుకుని, అడిగిన ప్రశ్నే మూడోసారి అడిగాడు. "లోపలిది మార్సమంటారా, బయటిది కొంటారా టీచరు గారండీ?" అక్కడ ఆగింది కథ.

ఆ భాగం చదివి ఒక పెద్దమనిషి ఉత్తరం రాశారు. హార్డ్ డిస్కు కొనడానికి వారమంతా ఆలోచించే మనుషులుంటారా, మీకు రాయడానికి వేరే ఏమీ దొరకలేదా అని. దొరక్కేం, బోలెడు దొరుకుతాయి. ఆయన ఇంట్లో అందరికీ గొంతులున్నాయి కాబట్టి అలా అడగగలిగారు. కొత్తగా ఈ వారమే తెరిచినవాళ్ళ కోసం సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

నతానియేల్ తెలుగు మేస్టారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో పదకొండేళ్ళు పెదబయలు అవతల ఉసిరిపుట్టు బళ్ళోనే పనిచేశాడు. వారం ఎక్కడున్నా ఆదివారం మందిరంలో పాట ఎత్తేది ఆయనే. పద్నాలుగు నెలల కిందట గొంతులో గడ్డ తేలితే విశాఖలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణానికి ఢోకా లేదన్నారు, అన్నట్టే లేదు. మాట మాత్రం పోయింది. ఇప్పుడు ఇంట్లో ఆయన బల్ల మీద ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు. దూరంగా ఉంటే అవే చప్పట్లు. ఒకటి సరే, రెండు వద్దు. మిగతాదంతా పుస్తకంలో రాస్తాడు. ఫ్లోరెన్స్ ఆ పుస్తకాల్లో ఒక్కటీ పారేయలేదు, ఇది ఎనిమిదోది.

ఆయన పాడుతుంటే ఆవిడ హార్మోనియం వాయిస్తూ, ముందుగదిలో కిటికీలు మూసుకుని రికార్డు చేసుకున్న పాటలు నలభై రెండు ఆ లాప్‌టాప్‌లో ఉండేవి. ఇంకెక్కడా లేవు. ఫోన్లో ఉన్న కాసిని ముక్కలూ ఫోను బావిలో పడ్డప్పుడే పోయాయి. నెట్‌లోకి ఎక్కించుకోవచ్చు కదా అనేవాళ్ళు వానాకాలంలో ఒకసారి మా లోయకొచ్చి ఒక్క ఫొటో ఎక్కించి చూపించండి. జూలైలో ఒక సాయంత్రం లాప్‌టాప్ ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. అప్పట్నించి ఆవిడ ఆ గొంతు వినలేదు. అది మళ్ళీ వినాలి, అంతే. ఫ్లోరెన్స్‌కి కావలసింది డిస్కు కాదు.

"మల్లా సెప్తాను ఇనండి," అన్నాడు వరహాలరావు. ఎస్.కోట మనిషి, కొండెక్కి పన్నెండేళ్ళయినా మాట దిగువనే ఉంచుకున్నాడు. "లోపలిది మారిస్తే మీ లాప్‌టాప్ మల్లా కొత్త పెళ్ళికూతురే. ఇప్పుడొచ్చేదాన్లో తిరిగే సక్రం ఉండదు, జీపులో ఎంత ఎగిరిపడినా దానికేటీ అవ్వదు. బయటిది కొంటే ఈ ముసల్ది లోపలే ఉంటాది, దాన్లోవి దీన్లోకి ఎక్కించుకుంటారు. కానీ ముసల్ది ఎప్పుడు ఆగిపోద్దో నాను సెప్పలేను. ఆ టిక్కుటిక్కు ఇనబడతందా? డిస్కు అలాగ సప్పుడు సేసిందంటే ఇంక బేగి సర్దుకోవాల."

"ముసల్దాన్ని తియ్యొద్దు బాబూ," అంది ఫ్లోరెన్స్. "పాటలన్నీ దాన్లోనే ఉన్నాయి. బయటిదే ఇవ్వు."

"ఇత్తాను. అయితే బయటిదానికి మూడు సంగతులున్నాయి. కింద పడీకూడదు. ఎవులికీ అరువివ్వకూడదు. టీవీకి అసలే తగిలించకూడదు."

"టీవీకి ఎందుకు తగిలించకూడదు?"

"అదొక రోగమండి. కొన్ని టీవీలకి మన డిస్కులో రాత అర్థం కాదు. నాకిది తెలీట్లేదు, శుభ్రంగా తుడిసీసి నా పద్ధతిలో పెట్టుకోమంటావా అని ఇంగ్లీషులో అడుగుతాది. మనోలు సదవరు కదండి. పచ్చగా ఎలుగుతున్న గడి మీద ఓకే నొక్కీడమే. పిల్లల పుట్టినరోజులు, పెళ్ళిళ్ళు, అన్నీ పోయి నా కాడికొచ్చి ఏడుత్తారు. టీవీ తుడిసీసింతరవాత నా వల్ల కాదు."

పుస్తకంలో ఏదో గీసుకుంటున్న నతానియేల్ పెన్ను ఆగింది. ఫ్లోరెన్స్ చూడలేదు. నేను చూశాను కాబట్టి మీకు చెప్తున్నాను.

వరహాలరావు బుర్ర గోక్కుని మూడో దారి చెప్పాడు. లోపలిదాన్ని తీసి, అరచేతంత డబ్బాలో పెట్టి, వైరుతో తన కంప్యూటర్‌కి తగిలిస్తాడట. అప్పుడు లోపలిదే బయటిదవుతుంది. దాన్లో ఏముందో చూడొచ్చు, ఉన్నది ఉన్నట్టు తీసుకోవచ్చు. లాప్‌టాప్‌లో దాని చోట కొత్తది కూర్చుంటుంది. రెండూ దక్కుతాయి.

నతానియేల్ బల్ల మీద రెండుసార్లు తట్టాడు.

"మీకూ భయంగానే ఉంది కదా," అంది ఫ్లోరెన్స్ ఆయన చెయ్యి పట్టుకుని. "నాకూ గుండె దడగా ఉంది. కానీ ఎన్నాళ్ళిలా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటామండీ? తియ్యి బాబూ."

ఆయన మళ్ళీ రెండుసార్లు తట్టాడు. ఆవిడ ఆ చేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది, ధైర్యం చెబుతున్నాననుకుని. పాపం, అలా అనుకుంది.

మరలు ఒక్కొక్కటీ ఊడి పళ్ళెంలో పడ్డాయి. వరహాలరావు డిస్కుని బయటికి తీశాక ఒక్క నిమిషం ఇమ్మని అడిగి ఫ్లోరెన్స్ దాన్ని చేతిలోకి తీసుకుంది. సబ్బు బిళ్ళంత ఉంది. ఇంతేనా అనిపించింది ఆవిడకి. మందిరం గోడలు దాటి రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్ళకి కూడా వినిపించే గొంతు, ఇందులో పట్టిందా?

ఈ పద్నాలుగు నెలల్లో ఆ ఇల్లు మూగబోయిందని చుట్టుపక్కలవాళ్ళు అంటారు గాని, అది నిజం కాదు. కుక్కరు కూత ఉంది, కిరండోల్ వెళ్ళే రైలు చప్పుడుంది, కాఫీ గింజలు ఎండబోసినప్పుడు కోళ్ళని తోలే గోల ఉంది. అన్ని చప్పుళ్ళూ ఉండి, ఒక్కటి లేదు. వాకిట్లో చెప్పులు విడుస్తూ ఆయన దగ్గే దగ్గు కూడా మారిపోయింది. ఆవిడ బడినుంచి వస్తూ గేటు దగ్గర ఇప్పటికీ ఒక క్షణం ఆగుతుంది, లోపల్నించి ఎవరో పిలుస్తారన్నట్టు. పిలవరని తెలుసు. అయినా రోజూ ఆగుతుంది.

వరహాలరావు డిస్కుని డబ్బాలో బిగించి వైరు పెట్టాడు. తెర మీద ఫోల్డర్లు ఒక్కొక్కటే వచ్చాయి. స్కూలు ప్రశ్నపత్రాలు ఉన్నాయి. ఫొటోలున్నాయి. 'పాటలు' అన్నది కూడా ఉంది.

"ఉందండీ!" అంది ఫ్లోరెన్స్, లేచి నిలబడిపోయి. "అదే, అదే. నొక్కు బాబూ."

నొక్కాడు. తెల్లటి తెర తెరుచుకుంది. అందులో ఏమీ లేదు.

మరోసారి నొక్కాడు. మూసి తెరిచాడు. తీసేసినవి వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఏదో పెట్టి పావుగంటసేపు తిప్పాడు. పాటల పేర్లు నలభై రెండూ వరసగా వచ్చాయి గాని, ఏది తెరిచినా గరగర తప్ప మాట లేదు. టిక్కుటిక్కు ఎక్కువైంది. ఇంక తిప్పితే మిగతావీ పోతాయని ఆపేశాడు.

"పాడైపోయాయా?" అంది ఫ్లోరెన్స్.

వరహాలరావు మొహమాటంగా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పాడవ్వలేదమ్మా. డిస్కు సెడితే ఇలాగ సెడదు. అక్కడో ముక్క, ఇక్కడో ముక్క పోద్ది. మీ ఫొటోలు ఉన్నాయి, పశ్నపత్రాలు ఉన్నాయి, ఈ ఒక్క ఫోల్డరే శుభ్రంగా కాళీ అయింది. ఎవులో తీసేరు. కాపీ సేసుంటే ఇక్కడా ఉండును, అక్కడా ఉండును. కట్ సేసి పట్టికెళ్ళిపోయేరు. తారీకు కూడా ఉంది సూడండి. జూలై పదిహేడు, మజ్జాన్నం రెండున్నర. ముసలి డిస్కు మీద అంత బరువు ఒక్కసారి లాగితే ఆగిపోదేటండి? ఆ సాయంత్రమే కదా బిగుసుకుపోయింది?"

జూలై పదిహేడు మధ్యాహ్నం రెండున్నరకి ఫ్లోరెన్స్ బళ్ళో ఐదో తరగతికి లెక్కలు చెబుతోంది. ఇంటి తాళాలు రెండే ఉన్నాయి. ఒకటి ఆవిడ సంచీలో ఉంటుంది.

ఆవిడ మెల్లగా తిరిగి భర్త వైపు చూసింది. ఆయన తల దించుకుని పుస్తకం మూసేశాడు.

సంత రోజు కావడంతో కొట్లోకి అప్పటికే ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడ్డారు, ఒకరికి చార్జరు, ఒకరికి జిరాక్సు. వాళ్ళ ముందు గొంతు పెంచడం ఫ్లోరెన్స్‌కి చేతకాలేదు. పుస్తకం లాక్కుంది. కాగితాలు వెనక్కి తిప్పింది. జూలై నెల పేజీ దొరికింది. లాప్‌టాప్ ఆగిపోయిన రాత్రి తను ఏడుస్తూ, పాటలేమయ్యాయండీ అని అడిగితే ఆయన రాసిన మూడు వాక్యాలు అందులోనే ఉన్నాయి. లోపలే ఉన్నాయి. భద్రంగా ఉన్నాయి. దిగులు పడకు.

ఆవిడ 'లోపలే' అన్న మాట కింద గోటితో గీసింది. ఆయన ఒకసారి తట్టాడు. అవును.

ఆవిడ పెన్ను తీసుకుని కొత్త పేజీలో రాసింది. భర్తతో ఆవిడ ఇన్ని నెలల్లో కాగితం మీద మాట్లాడటం ఇదే మొదలు. "మరి లోపల లేవు కదా."

"నేను అబద్ధం రాయలేదు," అని రాశాడు ఆయన. "లోపల అంటే ఉసిరిపుట్టు."

కొండ కింద పాఠకులకి ఇది కాస్త విప్పి చెప్పాలి. ఏజెన్సీలో ఉద్యోగం చేసేవాళ్ళకి ఊళ్ళు రెండే రకాలు. రోడ్డు మీద ఉన్నవి, లోపల ఉన్నవి. బదిలీ అయితే ఏ ఊరని అడగరు, రోడ్డు మీదా, లోపలా అని అడుగుతారు. పదకొండేళ్ళు ప్రతి సోమవారం పొద్దున్నే నతానియేల్ లోపలికెళ్తున్నానని చెప్పాడు, ఫ్లోరెన్స్ టిఫిను కట్టింది. ఆ మాటకి అర్థం ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఒక్క రాత్రి మాత్రం ఇద్దరి మధ్యా ఒక చెడిపోయిన లాప్‌టాప్ ఉంది కాబట్టి, లోపల అంటే దాని లోపలే అనుకుంది. ఆవిడ అలా అనుకుంటుందని తెలిసే ఆయన ఆ మాట ఎంచుకున్నాడు. తెలుగు మేస్టారు కదా.

"ఎవరికిచ్చారు?" అని రాసింది.

"గాసికి. సంతకి వచ్చినప్పుడు. విశాఖలో చెకప్‌కి వెళ్ళిన రోజు బయటి డిస్కు కొన్నాను. పాటలన్నీ అందులోకి మార్చి ఇచ్చాను. మందిరంలో వాడుకోమన్నాను."

గాసి ఉసిరిపుట్టు మందిరంలో డప్పు వాయిస్తాడు. వారం మధ్యలో అక్కడ ప్రార్థనకి మేస్టారు పాడుతుంటే కళ్ళు మూసుకుని వినేవాడు.

"ఎందుకు?" అని రాసింది ఫ్లోరెన్స్. ఆ ఒక్క మాట రాయడానికి పెన్ను కాగితాన్ని చింపేంత నొక్కింది.

వరహాలరావు ఆలుమగలిద్దరూ డిస్కు గురించి ఆలోచించుకుంటున్నారనుకుని చార్జర్లు చూపిస్తూ అటు తిరిగాడు. అప్పుడు నతానియేల్ రాయడం మొదలుపెట్టాడు, ఆపకుండా.

"నువ్వు రోజూ సాయంత్రం చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చునేదానివి. నేను నీ వెనకాల కుర్చీలో ఉండేవాణ్ణి. ఒకరోజు నీకు కాఫీ తెచ్చి భుజం మీద చెయ్యి వేశాను. ఉలిక్కిపడి చూశావు. తెలియని మనిషిని చూసినట్టు చూశావు. ఆ ఇంట్లో నీకు ఇద్దరం ఉన్నాం. వాడికి గొంతుంది. వాడితో నేను పోటీ పడలేను. వాణ్ణి ఇంట్లోంచి పంపేస్తే, నువ్వు ఇటు తిరిగి కూర్చుంటావనుకున్నాను. నేను బతికే ఉన్నాను, ఫ్లోరా."

ఏడుపు వస్తున్నా వాక్యం చివర చుక్క పెట్టడం మానలేదు ఆయన. చదువుతూ చదువుతూ ఆవిడ మొహం మారిపోయింది. కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఆయన బాధ ఇన్నాళ్ళూ తన వీపు వెనక కూర్చుని ఉందని ఇప్పుడు తెలిసింది. ఆవిడ పెన్ను కోసం చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఇది రాసేది కాదు.

"పాటల కోసం కాదండీ," అంది పైకే. కొట్లో ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు, ఆవిడ పట్టించుకోలేదు. "పాటలు ఎవరైనా పాడతారు. మన మందిరంలో తెరిసమ్మ పాడతంది, బానే పాడతంది. నేను పాట ఎప్పుడూ వినలేదు."

ఆయన అర్థం కానట్టు చూశాడు.

"ప్రతి పాటకీ ముందు మీరు గొంతు సవరించుకుంటారు. నేను హార్మోనియం దగ్గర ఉంటానా, నా వైపు తిరిగి 'ఫ్లోరా, అందుకో' అంటారు. ఆ ముక్క వినేదాన్ని. పాట మొదలవ్వగానే ఆపేసి తరవాత పాటకెళ్ళేదాన్ని. మళ్ళీ 'ఫ్లోరా, అందుకో.' నలభై రెండు సార్లు అన్నారు. ఒకచోట నవ్వుతూ అన్నారు. ఒకచోట విసుక్కున్నారు, నేను శ్రుతి తప్పేనని. నన్ను ఎవరు పిలుస్తారండీ? బళ్ళో టీచరు గారూ అంటారు. మందిరంలో సిస్టర్ అంటారు. మా అమ్మ పోయింది. ఫ్లోరా అనేది ఈ భూమ్మీద మీరొక్కరే. మీరు పిలవడం మానేశారు, నేను దాంట్లో వెతుక్కున్నాను. అటు తిరిగి కూర్చున్నది మీరు పిలుస్తారేమోనని."

చార్జరు కోసం వచ్చినాయన దాన్ని చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

నతానియేల్ పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. తొందరలో అక్షరాలు గీత దాటాయి. "అవి తప్పులనుకున్నాను. పాటకి ముందు మాటలు ఉండకూడదు. కత్తిరించాలనుకున్నాను. కత్తిరించడం రాక వదిలేశాను." కింద ఇంకో మాట రాశాడు. "క్షమించు." దాని కింద, "పద. ఇప్పుడే లోపలికి వెళ్దాం."

అలా రాసినవాడు ఉన్నట్టుండి నుదురు మీద కొట్టుకున్నాడు. గబగబా ఇంకో వాక్యం రాసి, ఫ్లోరెన్స్‌కి కాదు, వరహాలరావుకి చూపించాడు. ఉసిరిపుట్టు మందిరానికి దాతలెవరో పెద్ద టీవీ ఇచ్చారట. ఈ ఆదివారం మేస్టారి పాటలు అందులో పెడతామని గాసి నాలుగు రోజుల కిందట కబురు పంపాడట.

"టీవీకా!" అన్నాడు వరహాలరావు. "అయ్యబాబోయ్, మేస్టారూ! ఆదివారం పెట్టాలంటే ఇయాలో రేపో తగిలించి సూత్తారు కదండి. ఫోన్ సెయ్యండి బేగి."

ఫ్లోరెన్స్ చేసింది. లోపల సిగ్నల్ ఎక్కడిది? ఊరి పైన బండ ఎక్కితే ఒక గీత వస్తుంది, గాసి ఆ బండ ఎక్కితేనే ఫోను పలుకుతుంది. అందుబాటులో లేరని రెండుసార్లు వచ్చింది. సంత ముగించుకుని పెదబయలు జీపు బయల్దేరే వేళయింది. అది పోతే మళ్ళీ రేపే.

"జీపు పైడయ్యది. నా మాటయితే ఆగుతాడు, రండి," అని వరహాలరావు బల్ల దాటి వచ్చేశాడు. గుమ్మం దగ్గర వ్యాపారం గుర్తొచ్చి ఆగాడు. "మరి ఇంతకీ లోపలిదా, బయటిదా టీచరు గారండీ?"

"లోపలిదే బాబూ," అంది ఫ్లోరెన్స్. "ముందు జీపు ఆపు."

తన ఫోను భర్త చేతిలో పెట్టింది. "గాసికి కొడుతూనే ఉండండి. పలికితే పరిగెత్తుకొచ్చి నాకివ్వండి, నేను మాట్లాడతాను," అని చెప్పి సంత జనంలోకి దిగిపోయింది. వరహాలరావు వెనకాలే పరిగెత్తాడు.

నతానియేల్ ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. మూడోసారి లేదు. నాలుగోసారి లేదు. ఐదోసారి మోగింది.

ఆయన కొట్లోంచి ఒక్క ఉదుటున రోడ్డు మీద పడ్డాడు. అల్లం బస్తాలు, చీపుళ్ళ మోపులు, చింతపండు గంపలు, వాటి మధ్య తలలే తలలు. ఫ్లోరెన్స్ నీలం చీర ఎక్కడా కనిపించలేదు.

"టీచరమ్మా! నానే, గాసిని," అంది ఫోను. గాలి హోరులో గాసి అరుస్తున్నాడు. "మీకే సేద్దామని బండెక్కినాను, మీరే సేసినారు. మేస్టారిచ్చిన డబ్బా టీవీకి ఎట్టినాం. పాట రానేదు. ఇంగ్లీషుల ఏటో రాసింది. కింద రెండు గడులున్నాయి, ఒకటి పచ్చగ ఎలుగుతంది. పాస్టరు గారు అదే నొక్కీమంటన్నారు. మీకో మాట అడిగి నొక్కుదామని నానే ఆపినాను. మా కుర్రోడు సోంబరు రిమోటు అట్టుకుని మందిరం గుమ్మంల నిలుసున్నాడు. నాను ఇక్కడ సెయ్యెత్తితే ఆడు నొక్కుతాడు. ఏటి సెయ్యమంటారు?"

వద్దు. రెండే అక్షరాలు. ఇరవై రెండేళ్ళపాటు ద్విత్వాక్షరాల పాఠం రోజున ఆయన నల్లబల్ల మీద రాసి, పిల్లలందరిచేతా గట్టిగా పలికించిన మాట. నతానియేల్ నోరు తెరిచాడు. పెదవులు ఆ మాట ఆకారంలోకి వచ్చాయి కూడా. మెడ మీది గుడ్డ ఒక్కసారి ఎగిరి పడింది, అంతే.

"టీచరమ్మా? ఇనబడతందా?"

అల్లం బస్తాల మధ్య జనాన్ని తోసుకుంటూ ఆయన పరిగెత్తాడు. దూరంగా జీపు కనిపించింది. వరహాలరావు దాని ముందు చేతులు చాపి నిలబడ్డాడు. ఫ్లోరెన్స్ జీపు మెట్టు మీద కాలు పెట్టి, ఇటే చూస్తోంది. ఇంకా యాభై అడుగులుంది, మధ్యలో సంత ఉంది.

"మాటాడరేటి టీచరమ్మా? సిగ్నలు పోతాది మల్లా. నొక్కీమంటారా?"

ఇంకేమీ తోచలేదు. ఫోను చొక్కా జేబులో పడేసి నతానియేల్ రెండు చేతులూ ఎత్తి, ఒంట్లో బలమంతా పెట్టి, రెండు చప్పట్లు కొట్టాడు.

జీపు దగ్గర ఫ్లోరెన్స్‌కి అవి స్పష్టంగా వినిపించాయి. రెండు చప్పట్లు, వద్దు అని. ఆయన రానంటున్నాడనుకుంది. వెళ్ళొద్దంటున్నాడనుకుంది. ఆవిడ మెట్టు మీది కాలు కిందికి దించింది.

జేబులో గాసి నవ్వు వినిపించింది. "ఓ! మేస్టారా! మాటాడలేరు గదా, అందుకని సప్పట్లు కొట్టినారు. స్తోత్రం! సప్పట్లే కొట్టినారంటే ఇంకేటి, సరేనన్నమాట."

ఉసిరిపుట్టు బండ మీద గాసి చెయ్యెత్తాడు.